చండీగఢ్‌లో ఎవరు తప్పిపోయారు?

ఆ రోజుల్లో మాకు గొంతు తప్ప వేరే ఆస్తి ఉండేది కాదు. అరవై తొమ్మిదో సంవత్సరం. ప్రత్యేక తెలంగాణ కావాలని ఊళ్లన్నీ ఉడికిపోతున్న కాలం. నేను జనగామలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను (చదువుకుంటున్నానన్నది మా బాపు నమ్మకం, బడికి తాళం పడి అప్పటికే చాలా రోజులైంది). పొద్దున లేచి ఊరేగింపులో చేరడం, మాట పడిపోయేదాకా నినాదాలివ్వడం, సాయంత్రం స్టేషన్ ఎదుట సాయిబు హోటల్లో చాయ్ తాగి గొంతు బాగుచేసుకోవడం, ఇదీ నా దినచర్య. ఆ హోటల్లోనే, సాయిబు కొడుకు స్నేహంలో, నాకు ఉర్దూ వచ్చింది. వచ్చిందని నేననుకున్నాను. అది ఎంత మాత్రం వచ్చిందో ఆ తర్వాత దేశం అవతలి కొసన తేలింది.

మాది నర్సింహులపేట దగ్గర ఒక తండా. లంబాడీలం. మా తండాలో జనగామ దాకా పోయి చదువుకుంటున్నవాణ్ని నేనొక్కణ్నే కాబట్టి, నాకు దెబ్బ తగిలితే తండా చదువు మొత్తానికి దెబ్బ తగిలినట్టేనని బాపు దిగులు. భూపాలపల్లి వైపు అడవుల్లో వెదురు కొట్టడానికి పోయి ఇంటికొచ్చిన బాపుకు ఎవరో చెప్పారట, జనగామలో లాఠీలు లేచాయనీ, ముందు వరసలో నేనున్నాననీ. నిజానికి నేనున్నది చివరి వరసలో. లాఠీలు లేవగానే అందరూ వెనక్కి తిరిగి ఉరకడంతో చివరి వరస మొదటి వరస అయింది, అంతే. ఈ వివరం బాపుకు రుచించలేదు. "అడవిల ఎలుగుబంటి ఎదురొస్తె సుత నేను గింత పరేషాన్ కాలే. ఈన్ని ఏడికన్న పంపియ్యకపోతె నాకు నిద్ర పట్టది" అని అమ్మతో అన్నాడు.

అదే సమయంలో చండీగఢ్ నుంచి కబురొచ్చింది. మా అక్కను ఇచ్చిన బావ అక్కడ ఒక సర్కారు ఆఫీసులో డ్రైవరు. అక్కకు తొలిచూలు, నెలలు నిండుతున్నాయి, ఇంటి మనిషి ఒకరు కావాలి. అమ్మకు బర్రెల్ని, పొలాన్ని వదిలి కదలడం కుదరదు. అలా దాది బయల్దేరింది (దాది అంటే మా భాషలో నాయినమ్మ). దాదికి తోడు నేను. నాకు కాపలా దాది. ఎవరు ఎవర్ని తీసుకుపోతున్నారో బాపు స్పష్టంగా చెప్పలేదు. ఆ సంగతి తేలడానికి చండీగఢ్ దాకా పోవలసి వచ్చింది.

మానుకోట స్టేషన్లో రైలెక్కి కూర్చున్నాం. రైలు కదిలినట్టే కదిలి ఆగిపోయింది. కిటికీలోంచి తొంగి చూస్తే పట్టాల మీద విద్యార్థులు. జనగామ నుంచి వచ్చి ముందు కూర్చుని అరుస్తున్నవాడు హాస్టల్లో నా పక్క మంచం వాడే. వాడి గొంతు చూసి మేం వాణ్ని మైకు అని పిలిచేవాళ్లం.

"అరే, నువ్వేందిరో లోపటున్నవ్? సిగ్గు లేదా? దిగు!" అన్నాడు మైకు.

దిగాను. పట్టాల మీద కూర్చున్నాను. నేనెక్కిన రైలును నేనే ఆపి, పిడికిలెత్తి "జై తెలంగాణ" అని అరిచాను. నిజం చెప్పొద్దూ, బండి ఇక కదలదని తెలిశాక లోపల కొంచెం సంతోషంగానే ఉండింది. అంతలో వెనక గల్లుగల్లుమని వెండి చప్పుడు. దాది రైలు డబ్బా దిగి వస్తోంది. అద్దాలు కుట్టిన పేటియా (మా ఆడవాళ్లు కట్టే రంగుల గాగరా), మోచేతుల పైదాకా గాజులు, జుట్టుకు వేలాడే వెండి గుత్తులు. అలా వచ్చి నన్ను చూడనైనా చూడకుండా మైకు ముందు నిలబడింది.

"బిడ్డా, నా మనుమరాలు నీళ్లాడేటట్టున్నది. దగ్గర ఎవ్వలు లేరు. జర తొవ్వ ఇడువుండ్రి."

"ఏ ఊరు పోవాలె అవ్వా?"

"చండీగడంట. ఢిల్లీ అవతల."

మైకు ఆలోచనలో పడ్డాడు. పక్కవాళ్లతో గుసగుసలాడాడు. లేచి దుమ్ము దులుపుకున్నాడు. "ఢిల్లీకైతె పోవాల్సిందే అవ్వా. ఆడ చెప్పు, మా రాష్ట్రం మాకియ్యమను."

"చెప్త బిడ్డా" అంది దాది, పొలం కబురు చెప్పమన్నంత మామూలుగా. ఢిల్లీ స్టేషన్లో దిగాక మాట మరచిపోలేదు కూడా. నల్లకోటు వేసుకున్న టికెట్ కలెక్టర్ను నిలబెట్టి, మా పిల్లలు ఎండల పట్టాల మీద కూసుంటున్నరు, జల్ది ఇచ్చెయ్యుండ్రి అని తెలుగులో పూర్తిగా చెప్పింది. ఆయన పాపం అంతా విని, మా టికెట్లు చూసి, బయటికి పోయే దారి చూపించాడు.

ఇక చండీగఢ్. అప్పటికి ఆ ఊరి వయసు ఇంచుమించు నా వయసే. మన ఊళ్లు ఎవరికి తోచిన చోట వాళ్లు ఇల్లు కట్టుకుంటే వాటి మధ్య మిగిలిన సందే దారి అవుతుంది కదా. అక్కడ అలా కాదు. ముందు దారులు వేసి, తర్వాత ఇళ్లు కట్టి, చివరికి మనుషుల్ని తెచ్చిపెట్టారు. ఊరంతా చతురస్రాలు. ఒక్కో చతురస్రం ఒక సెక్టరు. వాటికి పేర్లు లేవు, నెంబర్లే. ఒక్కో రోడ్డు పొడుగునా ఒక్కో జాతి చెట్టు నాటారు. చాలా చెట్లు ఇంకా నా భుజం దాకా కూడా ఎదగలేదు. కానీ చుట్టూ ఇనుప కంచె పెట్టి, నీళ్లు పోసి, మా తండాలో పసిపిల్లల్ని కూడా అలా చూడరు, అంత అపురూపంగా చూస్తున్నారు. బావ ఈ ఊరిని తానే కట్టించినట్టు మాట్లాడేవాడు. "ఈ ఊర్ల తప్పిపోవుడు ఎవని తరం గాదు బామ్మర్ది. లెక్కలొస్తె సాలు" అన్నాడు. లెక్కల్లో నాకు మంచి మార్కులే వచ్చేవి.

అక్కావాళ్ల క్వార్టరు పక్కన ఒక సర్దార్జీ కుటుంబం. ఆయన భార్యను అక్క మాసీ, అంటే పిన్ని, అనేది. మేడ మీద హర్యానా ఆయన. రెండు మూడేళ్ల కిందటే అక్కడ పంజాబు, హర్యానా విడిపోయి, ఈ ఒక్క ఊరు ఇద్దరికీ రాజధాని అయింది. ఇది ఎవరికి చెందాలని ఆ పెద్దమనుషులిద్దరూ రోజూ పొద్దున మెట్ల దగ్గర చాయ్ గ్లాసులతో తగువుపడేవారు. నాకు ఆ తగువు వింటుంటే పండగలా ఉండేది. రాష్ట్రాలు విడిపోవచ్చు! విడిపోయినా రోజూ కలిసి చాయ్ తాగొచ్చు! ఈ మాట మైకుకు చెప్పాలని మనసు కొట్టుకునేది.

అక్క నడవలేదు, బావ డ్యూటీకి పోతాడు. పొద్దున పని ముగించుకుని "పోయి ఊరు సూసిరాండ్రి" అని అక్కే మమ్మల్ని తరిమేది. చలి తగ్గుముఖం పట్టిన రోజులు. దాదీ నేనూ కాలినడకన ఊరు చూడటం మొదలుపెట్టాం. నేను చెప్పేవాణ్ని, దాది వినేది. తర్వాత దాది ఒక్క మాట అనేది, నేను చెప్పిందంతా కూలిపోయేది. సెక్రటేరియట్ చూపించాను. పట్టాలెక్కిన రైలంత పొడుగు భవనం, ముందువైపు లెక్కలేనన్ని గళ్లు. ఎండ లోపలికి రాకుండా ఆ గళ్లు అడ్డుకుంటాయని బావ చెప్పింది నేను చెప్పాను. దాది గోడ దగ్గరికి పోయి చేత్తో తడిమింది. సిమెంటు పోసిన చెక్కల అచ్చులు ఇంకా గోడ మీద కనిపిస్తున్నాయి.

"సున్నం ఎయ్యలేదేందిరా? మేస్త్రి నడుమల పారిపోయిండా?"

"లేదు దాది, గట్లనే ఉంచాల్నని ఉంచిండ్రు. ఫ్యాషన్."

"అయ్యో" అంది దాది, ఆ భవనం మీద నిజమైన జాలితో.

హైకోర్టు మాత్రం ఆమెకు నచ్చింది. తలుపు ఉండాల్సిన చోట ఆకాశమంత ఖాళీ, ఆ ఖాళీలో మూడు పెద్ద స్తంభాలు, ఒక్కోటి ఒక్కో రంగు. "గిది మన పేటియా లెక్కున్నది" అంది. సరస్సు ఒడ్డున కూర్చున్నప్పుడు, అది కొండవాగుకు కట్ట వేసి మనుషులే చేసిన చెరువని చెప్తే, "మనుషులే కదరా చేస్తరు చెరువులు" అని ఆశ్చర్యపోవడానికి నిరాకరించింది. అంత ఊళ్లో ఆమెను నిజంగా ఆపింది పచ్చిక. ఊరి నడుమ పొడుగునా ఖాళీగా వదిలి, గడ్డి పెంచి, చెట్లు పెట్టారు. "గింత గడ్డి ఉన్నది. ఒక్క బర్రె లేదు" అని రోజుకు ఒక్కసారైనా నిలబడి నిట్టూర్చేది.

ఆ రోజు గులాబీ తోటకు పోయాం. కనుచూపు మేర గులాబీలు, ప్రతి మొక్క ముందూ పేరు రాసిన పలక. దాది అలిసిపోయి ఒక బెంచీ మీద కూర్చుంది. రోడ్డు దాటితే పదిహేడో సెక్టరు, ఊరికి నడిబొడ్డు. బండ్లు రాని విశాలమైన రాతి ఆవరణ, చుట్టూ నాలుగంతస్తుల భవనాలు, కింద పొడుగాటి వరండాల్లో దుకాణాలు. "ఈడనే ఉండు దాది, కదలకు. ఇప్పుడే వస్త" అని పోయాను. ఒక దుకాణం అద్దంలో నన్ను నేను చూసుకుని జుట్టు సరిచేసుకున్నాను. ఇంకో దుకాణం అద్దంలో సరిచేసిన జుట్టు ఎలా ఉందో చూసుకున్నాను. ఒక చోట ఇంకో సర్దార్జీ పెద్ద గ్లాసులో లస్సీ పోసి, ఇంకొంచెం వెన్న వేయమంటావా అని హిందీలో అడిగాడు. "నక్కో" అన్నాను. జనగామ హోటల్లో వద్దు అనడానికి అదే మాట. ఆయన లోపలికి పోయి ఎవరినో అడిగొచ్చి, "నక్కో మా దగ్గర లేదు బాబూ, పేడా ఉంది" అన్నాడు.

తోటకు తిరిగొచ్చాను. బెంచీ ఉంది. దాది లేదు. ఇది వేరే బెంచీ ఏమోనని పక్క వరసకు పోయాను. అక్కడా బెంచీ, అక్కడా గులాబీలు. ఆ తోటకు ఒక్కటే ద్వారం కాదని అప్పుడు తెలిసింది. నేను పోయింది ఒక వైపు నుంచి, వచ్చింది ఇంకో వైపు నుంచి. పరుగు మొదలుపెట్టాను. ఎటు పరిగెత్తినా అదే వెడల్పు దారి, అదే ఎత్తు కంచె, అదే బెంచీ. మా తండాలో కళ్లు మూసుకుని నడిచినా ఏ కుక్క మొరిగిందో విని ఎవరి గుడిసె ముందున్నానో చెప్పగలను. ఇక్కడ కుక్కలు కూడా మొరగడం లేదు. అప్పుడు భయం పట్టుకుంది. నవ్వులాట భయం కాదు. దాదికి అంకెలు రావు. అక్క ఉండే సెక్టరు నెంబరు తెలియదు. అక్కడివాళ్ల మాట రాదు. అరవై దాటిన మనిషి. ఇంటి దగ్గర అక్క నిండు నెలలతో ఒంటరిగా ఉంది. దాది లేకుండా ఆ గుమ్మం ఎట్ల ఎక్కాలి? బాపుకు ఏమని చెప్పాలి?

ఒక తోటమాలి కనిపిస్తే చేతులు పట్టుకున్నాను. నా జనగామ ఉర్దూలో దాది ఆనవాళ్లు చెప్పాను: అద్దాల గాగరా, చేతినిండా తెల్ల గాజులు, నెత్తిన కొంగు, వెండి గుత్తులు. అతనికి నా భాష సగమే అర్థమైంది కానీ ఆనవాళ్లు మాత్రం వెంటనే అర్థమయ్యాయి. "అదుగో" అని పక్క సెక్టరు వైపు చూపించాడు. ప్రాణం లేచొచ్చింది. ఉరికాను. అక్కడ కొత్త భవనం లేస్తోంది. ఇటుకలు, ఇసుక, కర్రల మంచెలు. ఆ మంచెల మీదికి వరసగా ఇటుకలు మోస్తున్న ఆడవాళ్లు. అందరివీ గాగరాలే. అందరి చేతులకూ తెల్ల గాజులే. అందరి నెత్తిన కొంగులే. రాజస్థాన్ నుంచి పనికొచ్చిన కూలీలు. తోటమాలి తప్పేం లేదు, నేను చెప్పిన ఆనవాళ్లకు అక్కడ ఊరంత మంది ఉన్నారు.

చేసేదేం లేక వరస పొడుగునా నడుస్తూ ఒక్కొక్కరి ముఖంలోకి తొంగి చూడసాగాను. మొదట ఒకామె నవ్వింది. తర్వాత వరసంతా నవ్వింది. మంచె మీద మేస్త్రి కేకేశాడు. "మేరీ దాది, మేరీ దాది" అని ఏడుస్తూ అడుగుతున్నాను. అప్పుడు వెనక నుంచి వినిపించింది, మా తండాలో, మా గుడిసె ముందు వినిపించినంత స్పష్టంగా:

"ఎటువోయినవ్ రా? నీ కోసం ఇద్దరిని ఎతకవోమని తోలిన!"

కట్టుబడి వెనక, చెట్టు నీడలో దాది కూర్చుని ఉంది. ఒడిలో ఎవరిదో పసిబిడ్డ నిద్రపోతోంది. ముందు ఆకులో రొట్టె, ఎర్రకారం. చుట్టూ పనిలో విరామం దొరికిన నలుగురైదుగురు ఆడవాళ్లు, చిన్నప్పటి నుంచీ ఎరిగినట్టు కబుర్లు చెప్పుకుంటున్నారు. నేను పోయి దాది పక్కన కూర్చున్నాను. దాది తన రొట్టెలో ముక్క తుంచి నా చేతిలో పెట్టింది.

జరిగిందిది. నా కోసం చూసి చూసి (నేను పోయి చాలాసేపైందట; అద్దాల ముందు కాలం తెలియదు కదా) దాది లేచి వెతకబోయింది. దారిలో ఈ పనిచోట ఒకామె అల్లరి చేస్తున్న బిడ్డతో "ఆవ్, బేస్" అనడం విన్నది. రా, కూర్చో అని. మా తండాలో అచ్చం ఆ మాటే అంటాం. దాది ఆగింది. తానూ ఒక మాట అన్నది. ఆమె ఉలిక్కిపడి జవాబిచ్చింది. నీళ్లకు వాళ్లూ పాణి అంటారు. రొట్టెకు వాళ్లూ బాటి అంటారు. కొన్ని మాటలు కుదరలేదు, కానీ కుదిరినవి చాలు.

"గీళ్లు మనోళ్లేరా!" అంది దాది. ఎడ్ల మీద ఉప్పు మోసుకుంటూ మా పెద్దలు ఎక్కడెక్కడి నుంచో దక్షిణానికి వచ్చారని చిన్నప్పుడు పాటల్లో విన్నాను. ఆ ఎక్కడెక్కడో అనే చోటికి ముఖాలు, చేతులు ఉంటాయని ఆ చెట్టు కిందే నాకు తెలిసింది. జనగామలో ఎవరైనా వింటారేమోనని మెల్లగా మాట్లాడుకునే మా భాషను, దాది ఆ మహానగరం నడుమ గొంతెత్తి మాట్లాడుతోంది. నేనూ రెండు మాటలు కలిపాను. వాళ్లు నా మాటకు నవ్వారు, కానీ అర్థం చేసుకుని నవ్వారు.

ఎండ వాలుతోందని లేచాం. వాళ్లలో పెద్దామె దారి చూపిస్తానని మాతో బయల్దేరింది. అక్కావాళ్ల సెక్టరు నెంబరు చెప్పగానే, ఆ వరస క్వార్టర్లకు ఇటుకలు మోసిందీ తామేనంది. ఇళ్ల వెనక సందుల్లోంచి సరాసరి తీసుకుపోయింది. గుమ్మం ముందు నిలబడ్డాం. తలుపుకు తాళం. మేడ మీది హర్యానా ఆయన భార్య పిట్టగోడ మీంచి వంగి చేతులు ఊపుతూ చెప్పింది: నొప్పులు మొదలయ్యాయి, బావ బండి మీద పోయి ఉన్నాడు, తన మగడూ పక్కింటి సర్దార్జీ కలిసి, మాసీని తోడుంచుకుని, అక్కను ఆస్పత్రికి తీసుకుపోయారు. పొద్దుటి దాకా ఊరి కోసం కొట్టుకున్న ఇద్దరూ అక్కను చెరో పక్కన పట్టుకుని నడిపించారట. ఆ ఒక్క విషయంలో రెండు రాష్ట్రాలూ ఏకమయ్యాయి.

ఆస్పత్రి ఎక్కడని అడిగితే, పదహారో సెక్టరులో, గులాబీ తోట పక్కనే అంది. పొద్దంతా నేను ఏడుస్తూ పరిగెత్తిన చోటే. వచ్చిన దారినే మళ్లీ ఉరికాం. దాది నాకంటే ముందు ఉరికింది.

మేం చేరేసరికి మాసీ వరండాలో నిలబడి రెండు చేతులూ ఎత్తి నవ్వుతోంది. ఆడపిల్ల. తల్లీ పిల్లా క్షేమం. లోపలికి పోయిన దాది చాలాసేపటికి తెల్లబట్టలో చుట్టిన ఎర్రటి ముద్దను తెచ్చి నా చేతుల్లో పెట్టింది. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ ఒకేసారి రావడంతో ఎక్కిళ్లు మొదలయ్యాయి. అంతలో బావ చెమటలు కక్కుతూ వచ్చాడు. కూతుర్ని చూసి, కూలబడి, ఊపిరి పీల్చుకున్నాక నా వైపు తిరిగాడు.

"పొద్దటి సంది యాడికి పోయిండ్రు మీరు?"

నేను నోరు తెరిచేలోపే దాది అందుకుంది. "ఊరు సూడవోయినం బిడ్డా. మంచిగున్నది. నీ బామ్మర్ది ఒక్క సందు ఇడువకుంట తిప్పిండు." బావ ముఖం గర్వంతో వెలిగిపోయింది. "చెప్పిన గదా, ఈ ఊర్ల తప్పిపోవుడు ఎవని తరం గాదని" అన్నాడు. నేను తలూపాను. దాది మాత్రం గోడవైపు తిరిగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వానలు పడ్డాక బడి తెరిచారు. జనగామ హాస్టల్లో అడుగు పెట్టగానే మైకు, సాయిబు కొడుకు, ఇంకా అందరూ చుట్టూ మూగారు. వెడల్పు దారులు, చెట్లు, మనుషులు చేసిన చెరువు, అన్నీ చెప్పాను. మైకు కళ్లు పెద్దవి చేసి, "మన రాష్ట్రం వస్తె మనం గసోంటి ఊరు కట్టుకోవాలెరా" అన్నాడు. వంటింట్లోంచి బొగ్గు తెచ్చుకుని, ఆదివారం మధ్యాహ్నం హాస్టల్ హాలు నేల మీద కొత్త రాజధానికి గీతలు గీయడం మొదలుపెట్టాం. మైకు తనకు చెరువు ఒడ్డున ఇల్లు కావాలన్నాడు. సాయిబు కొడుకు నాలుగు దారులు కలిసే చోట హోటలుకు స్థలం అడిగాడు. నేను బర్రెలు మేసే పచ్చిక కోసం ఒక సెక్టరు మొత్తం పట్టుబట్టాను. రాజధానిలో బర్రెలేందని మైకు, ఎందుకుండొద్దని నేను, మాటా మాటా పెరిగి కొట్టుకోబోతుంటే వార్డెన్ వచ్చారు. చుట్టూ తిరిగి ఊరంతా చూశారు. ఆస్పత్రి ఎక్కడరా అని అడిగారు. పెట్టడం మరచిపోయాం. ఆయన బొగ్గు తీసుకుని ఒక చోట తానే గుర్తు పెట్టి, తర్వాత మా చేతనే బకెట్లతో నీళ్లు పోయించి ఊరంతా కడిగించారు.

రాష్ట్రం రావడానికి మా తలలు నెరవాల్సి వచ్చింది. మైకు ఇప్పుడు జనగామలో బస్టాండు వెనక ఉంటాడు. ఇంటి ముందు మురికికాలువ ఉంటే వానాకాలంలో దాన్నే చెరువంటాడు. నేను మానుకోటలో స్థిరపడ్డాను. పొద్దున్నే నడకకు పోతూ, కొత్తగా వేసిన దారి పక్కన ఇనుప కంచెలో ఒంటరి మొక్క కనిపిస్తే ఆగిపోతాను. నేల మీద మోకరించి, ముక్కుకు బొగ్గు అంటించుకుని, ఏ దారికి ఏ చెట్టు పెట్టాలో తగువుపడుతున్న ఆనాటి కుర్రాడు, ఒకప్పటి నేను, కనిపిస్తాడు. వాడికి ఎన్నో చెప్పాలనిపిస్తుంది. కానియ్ రా, ఇంకో వరస చెట్లు వెయ్యి, అని మాత్రం అనుకుని నా దారిన నేను పోతాను.